బాయిలర్ రూమ్ బల్ల

మొన్న ఆష్‌బర్న్‌లో తెలిసినవాళ్ళింట్లో భోజనాలయ్యాక, కొత్తగా రెసిడెన్సీలో చేరిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ డయాగ్నోసిస్ ఏంటి?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. బెస్ట్‌ది చెప్పాలంటే ముందు వరస్ట్‌ది చెప్పాలి. రెండూ ఒకే మనిషివి, రెండిటికీ మధ్య పన్నెండు రోజులే తేడా. పైగా ఆ మంచి డయాగ్నోసిస్ నేనే చేశానని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లదు. దాన్ని నాకు చేసిపెట్టింది ఒక భోజనాల బల్ల. ఆ అమ్మాయికి ఆ పూట చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తెల్లకోటు వేసుకోబోయే మిగతా పిల్లలు కూడా చదువుకోండి, మీ ఆంటీ పరువు పోయినా పరవాలేదు.

డెబ్భైల చివర్లో వర్జీనియా సముద్రతీరంలో, మాజీ సైనికులకు వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో, ఛాతీ జబ్బుల విభాగంలో చేరాను. చీర మీద తెల్లకోటు వేసుకుని తిరిగేదాన్ని. ఆ ఆసుపత్రిలో చీర కట్టిన మనిషిని నేనొక్కదాన్నే. రోగులు నన్ను చూడగానే "డాక్టర్‌గారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగేవాళ్ళు. నేనే డాక్టర్నని రోజుకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చేది.

దాంతో నాకు కొంచెం పంతం పెరిగింది. ఇక్కడి డాక్టర్లందరికంటే నాకు బాగా తెలిసింది ఒకటుండేది, టీబీ. మన దేశంలో మూడేళ్ళు టీబీ వార్డులో పనిచేసి వచ్చినదాన్ని. ఇక్కడివాళ్ళకి అప్పటికే అది పుస్తకాల్లో జబ్బు. నాకు పక్కింటి జబ్బు. అక్కడ దగ్గుతూ, చిక్కిపోయి ఎవరొచ్చినా ముందు టీబీ అనుకుని, కాదని తేలేదాకా అలాగే చూసేవాళ్ళం. చాలాసార్లు అదే నిజమయ్యేది. ఆ అలవాటు నాతోపాటు విమానమెక్కి వచ్చింది.

ఎనభైలు మొదలైన కొత్తలో, ఒక వేసవి ఉదయం, ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, పెద్ద చేతులు, ముంజేతి మీద వెలిసిపోయిన లంగరు పచ్చబొట్టు. మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు, బరువు తగ్గాడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. టీబీ చర్మ పరీక్ష పాజిటివ్. నేను రోగిని అడిగే ప్రశ్నలు మన వార్డులో నేర్చుకున్నవే.

"మీరు ఎప్పుడైనా ఒకే గదిలో చాలామందితో పడుకున్నారా?"

"ఓడలోనా? ముప్పై మందికి పైగా, మేడమ్. ఒకడి కాళ్ళు ఇంకొకడి మొహం మీద."

ఇంకేం కావాలి? నాకు పండగైంది. ఏం ఉద్యోగం అని అడిగి, ఆయన "నేవీ" అంటే కాగితం మీద "నేవీ" అని రాసి ఊరుకున్నాను. ఎంతమంది పడుకున్నారని అడిగినదాన్ని, ఎక్కడ పడుకున్నారని అడగలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆయన్ని విడి గదిలో పెట్టాం. తలుపు మీద ఎర్ర కాగితం అంటించి, లోపలికి వెళ్ళేవాళ్ళందరూ మాస్క్ పెట్టుకోవాలని నేనే రాశాను. కఫం పరీక్ష మూడుసార్లూ నెగటివ్ వచ్చింది. అయినా నేను తగ్గలేదు. నెగటివ్ వచ్చిన టీబీలు నేను బోలెడు చూశాను, క్రిముల్ని పెంచి చూసే కల్చర్ రిపోర్టు రావడానికి ఆరు వారాలు పడుతుంది, అంతదాకా మందులు ఆపేది లేదన్నాను. మా చీఫ్ పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎక్స్‌రే చూసి, "నీ పేషెంట్, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటలో ఉన్న సందేహం నాకు వినపడలేదు. మెచ్చుకున్నాడనుకున్నాను.

హెడ్ నర్స్‌కి మాత్రం వినపడినట్టుంది. ఆవిడ నల్లజాతి స్త్రీ, ఆ వార్డులో ఇరవై ఏళ్ళ సర్వీసు. డాక్టర్లం వస్తుంటాం, పోతుంటాం, ఆవిడ ఉంటుంది. ఒకరోజు మందుల ట్రే సర్దుతూ, "డాక్టర్, ఆయన ఊపిరితిత్తుల అడుగున విన్నావా?" అంది. విన్నాను, కొంచెం చిటపటలు ఉన్నాయి, వయసు కదా అన్నాను. ఆవిడ "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

గదిలో ఒంటరిగా ఉండేసరికి ఆయనకు మాటలు పెరిగాయి. మాస్క్ పెట్టుకుని నేను వెళ్ళేసరికి ఓడ కబుర్లు సిద్ధంగా ఉండేవి. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా హడావిడిగా వందల్లో కట్టించిన డిస్ట్రాయర్ యుద్ధనౌకల్లో ఒకటి ఆయన ఓడ. సన్నగా, పొడుగ్గా, నాలుగు పొగగొట్టాలతో ఉండేవట. చాలావాటికి పని తగిలేలోపే ఆ యుద్ధం అయిపోయింది. రేవుల్లో వరసగా కట్టేసి తుప్పుకి వదిలేశారు. ఇరవై ఏళ్ళకి రెండో యుద్ధం వచ్చేసరికి చేతిలో సరిపడా ఓడలు లేక, ఆ ముసలివాటినే మళ్ళీ లేపారు. యాభై బ్రిటన్‌కి ఇచ్చారు. ఈయనది ఇక్కడే ఉండి, ఉత్తర అట్లాంటిక్‌లో సరుకు ఓడలకి కాపలాగా తిరిగింది.

"నాకంటే ఒక ఏడాది పెద్దది ఆ ఓడ. నన్ను కొడుకులా చూసుకునేది. అప్పుడప్పుడు మంచం మీంచి కింద పడేసేది, అంతే" అనేవాడు. ఆ ఓడలు మామూలు అలలకే పక్కకి ఒరిగిపోయేవట. భోజనం చేయాలంటే ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో స్తంభం పట్టుకోవాలి, మరి చెంచా ఎలా పట్టుకునేవారని అడిగితే, "అదే కదా మా శిక్షణ" అనేవాడు. టీబీ మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుంటే, "తుప్పు, డాక్. ఓడది ఇప్పుడు దిగుతోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, మాస్క్ ఉంది కాబట్టి బతికిపోయాను.

ఏడో రోజునో ఎనిమిదో రోజునో అసలు విషయం బయటపెట్టాడు. ఏటా ఆగస్టులో వాళ్ళ ఓడవాళ్ళంతా ఒక హోటల్లో కలుస్తారు. మధ్యాహ్నం భోజనానికి ముందు, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకి ఒకసారి ఓడ గంట కొడతారు. ఆ గంట ఈయన దగ్గరే ఉంది. ఓడని తుక్కుకి అమ్మేశాక అది తన ఇంటికి ఎలా చేరిందని అడిగితే సీలింగ్ కేసి చూసేవాడు. పేర్లు చదివేదీ, గంట కొట్టేదీ మొదటినుంచీ ఈయనే.

"ఈసారి తొమ్మిది పేర్లున్నాయి, డాక్. ఈ శనివారం."

నేను లెక్క చూసుకున్నాను. శనివారానికి మందులు మొదలుపెట్టి పన్నెండు రోజులవుతుంది. నా రూలు పద్నాలుగు రోజులు.

"రెండు రోజులు తక్కువ. కుదరదు. ఇంకెవరైనా కొడతారు లెండి."

"ఇంకెవరూ కొట్టరు. నేను రాకపోతే గంటే రాదు కదా."

"అంతమంది ముసలివాళ్ళు ఒక గదిలో. మీరు దగ్గితే?"

"డాక్, ఆ గదిలో నా దగ్గు ఎవరూ పట్టించుకోరు."

అదేదో మాటవరసకి అన్నాడనుకున్నాను. వచ్చే ఏడాది వెళ్దురుగాని అని చెప్పి బయటికొచ్చేశాను. వచ్చే ఏడాది అనే మాట ఆ వయసువాళ్ళకి ఎలా వినపడుతుందో అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు, తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

శనివారం పొద్దున రౌండ్స్‌కి వెళ్తే మంచం ఖాళీ. దిండు మీద మాస్క్ నీట్‌గా పరిచి, దాని కింద చీటీ పెట్టాడు. "డాక్, గంట కొట్టడానికి వెళ్తున్నా. రేపు సప్పర్‌కల్లా వచ్చేస్తా. నా పుడ్డింగ్ ఎవరికీ ఇవ్వొద్దు."

నా ఒళ్ళు మండిపోయింది. హెడ్ నర్స్‌ని అడిగితే, "నేను బ్రేక్‌ఫాస్ట్ ట్రేలు చూసుకుంటున్నాను, డాక్టర్" అంది. ఇంటికి ఫోన్ చేసి మావారిని కారు తీసుకుని రమ్మన్నాను. నాకప్పటికి హైవే మీద డ్రైవింగ్ భయం. స్టోర్ రూమ్‌లోంచి మాస్కుల డబ్బా ఒకటి తీసుకుని, మెడలో స్టెతస్కోపుతోనే కారెక్కాను. మావారు ఇంజనీరు, దేనికీ తొందరపడే మనిషి కాదు.

"ఏమోయ్, ఇప్పుడు మనం వెళ్ళి ఏం చేస్తాం? అరెస్ట్ చేస్తామా?"

"నవ్వులాట కాదండీ. పబ్లిక్ హెల్త్ ఇష్యూ. అందరికీ అంటిస్తాడు ఆయన."

"టెస్టులు నెగటివ్ అన్నావు కదా?"

"మీకు తెలీదు, ఊరుకోండి. కొంచెం ఫాస్ట్‌గా డ్రైవ్ చేయండి."

"సరే గానీ, నువ్వు జైలరువి కాదు, డాక్టరువి. అది మాత్రం గుర్తుపెట్టుకో" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో మావారు నన్ను అంత గట్టిగా అన్న మాటలు చాలా తక్కువ.

హోటల్ హాలు తలుపు తోసుకుని లోపలికెళ్ళేసరికి అప్పటికే మొదలైపోయింది. స్టేజీ మీద చిన్న చెక్క స్టాండుకి ఇత్తడి గంట వేలాడుతోంది. పక్కన ఆయన, నీలం కోటు, టై, నా వార్డులో చూసిన మనిషే కాదన్నట్టు. ముందు రెండు పొడుగాటి బల్లలు. కిటికీల వైపు ఒకటి, వంటగది తలుపు పక్కన ఒకటి. అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూశాడు. చీర, స్టెతస్కోపు, వెనక డబ్బా మోస్తున్న మావారు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కాగితంలోకి చూశాడు. పేరు చదివాడు. గంట కొట్టాడు.

అరవబోయినదాన్ని ఆగిపోయాను. చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతుంటే అడ్డం వెళ్ళే పెంపకం నాది కాదు. గోడవారగా నిలబడ్డాను.

పేరు, గంట, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. మళ్ళీ పేరు, గంట, నిశ్శబ్దం. ఇద్దరు దగ్గారు. మూడో గంటకి ఇంకొకరు. పొడి దగ్గు, చివర్లో సన్నగా లాగినట్టు. పన్నెండు రోజులుగా తలుపవతల నుంచి కూడా గుర్తుపట్టేలా విన్న దగ్గు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదట నాకు తోచిందేమిటంటే, "అయ్యో, అందరికీ అంటించేశాడు!" మావారి చెయ్యి పట్టుకుని ఆ మాట పైకే అనేశాను.

మావారు నా చెవిలో, "ఆయన వచ్చి రెండు గంటలైనా కాలేదేమోనోయ్" అన్నారు.

నిజమే. రెండు గంటల్లో ఏ టీబీ దగ్గించదు. అప్పుడు చెవులు సరిగ్గా పనిచేయడం మొదలెట్టాయి. ఐదో గంట, ఆరో గంట. దగ్గులన్నీ వంటగది తలుపు వైపు నుంచే వస్తున్నాయి. కిటికీల వైపు బల్ల దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు, వాళ్ళూ అదే వయసు, వాళ్ళలోనూ సిగరెట్లు కాల్చేవాళ్ళున్నారు, కానీ ఆ దగ్గు అటు లేదు. ఇటు ఆరుగురు. ఆరుగురూ దగ్గుతున్నారు. తొమ్మిదో గంట అయ్యేసరికి నా చేతిలో ఉన్న మాస్కు ఉండ చుట్టుకుపోయింది.

అందరూ కూర్చున్నాక నా పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. ఆయనది కిటికీల వైపు బల్ల.

"ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే చెప్తారా?"

"ఎవరూ చెప్పరమ్మా. ఓడలో ఉన్నట్టే కూర్చుంటాం. మేం డెక్ వాళ్ళం. వాళ్ళు బాయిలర్ రూమ్ వాళ్ళు. మేం పైన చలికి గడ్డకట్టుకుపోయి, డెక్ మీద పేరుకున్న మంచు సుత్తులతో కొట్టేవాళ్ళం. వాళ్ళు కింద హాయిగా వెచ్చగా ఉండేవాళ్ళు. చూడండి, ఇప్పటికీ పొయ్యి పక్కనే."

నేను వంటగది తలుపు దగ్గరికి వెళ్ళాను. నా రోగి అప్పుడే స్టేజీ దిగి తన కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. నన్ను చూసి చేతులు రెండూ ముందుకి చాపాడు, బేడీలు వేయమన్నట్టు.

పన్నెండు రోజులు ఆలస్యంగా, ఆ ప్రశ్న అడిగాను. "మీరు ఎక్కడ పడుకునేవారు?"

అందరూ ఒకేసారి మొదలెట్టారు. బాయిలర్ల పక్క గదిలో, ఆవిరి గొట్టాల కింద. వేడి బయటికి పోకుండా ఆ గొట్టాల చుట్టూ తెల్లటి మెత్త చుట్టి ఉండేది. ఓడ ముసలిది, మెత్త చివికిపోయింది. పైన ఫిరంగి పేలినప్పుడల్లా, ఓడ అదిరి, పొడి రాలేది. దుప్పట్ల మీద, కాఫీలో, జుట్టులో.

"లేవగానే దులుపుకునేవాళ్ళం. పైన వాళ్ళకే కాదు, మాకూ మంచు పడుతుందని జోకులేసుకునేవాళ్ళం" అన్నాడు నా రోగి.

ఆ తెల్లటి మెత్త ఆస్బెస్టాస్. మన దగ్గర షెడ్లకి కప్పే రేకుల్లో ఉంటుందే, అదే. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రావు. ఇరవై ఏళ్ళో, ముప్పై ఏళ్ళో చప్పుడు చేయకుండా ఉంటాయి, అప్పుడు ఊపిరితిత్తి గట్టిపడటం మొదలవుతుంది. ఇదంతా నేను చదివి, పరీక్ష రాసి, పాసైనదే.

కోట్లు తగిలించే చిన్న గదిలో ఒక కుర్చీ వేసుకుని, నా రోగితో కలిపి ఏడుగురినీ ఒక్కొక్కరిగా పిలిచి వీపుల మీద స్టెతస్కోపు పెట్టాను. ఏడుగురికీ ఊపిరితిత్తుల అడుగున ఒకటే చప్పుడు, నిప్పుల్లో ఉప్పు వేస్తే వచ్చే చిటపట. బయట మావారు లైను చూసుకుంటూ, మాస్కుల డబ్బా మీద వాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకున్నారు. ఆ డబ్బాకి ఆ రోజు అదొక్కటే ఉపయోగం.

నేను మాట్లాడిన డెక్ పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. "బాయిలర్ రూమ్‌కి మార్చమని మూడుసార్లు అర్జీ పెట్టానమ్మా. మార్చలేదు. నలభై ఏళ్ళుగా వీళ్ళ మీద కుళ్ళుకుంటూనే ఉన్నాను" అన్నాడు. తన బల్ల మీదున్న కాఫీ తెచ్చి నా రోగి చేతిలో పెట్టాడు.

ఆదివారం సప్పర్‌కి, చెప్పిన మాట ప్రకారం, ఆయన వార్డుకి తిరిగొచ్చాడు. సోమవారం నేను పాత ఎక్స్‌రే మళ్ళీ లైటు ముందు పెట్టాను. పైన ఉన్న మచ్చ ఎప్పుడో చిన్నతనంలో వచ్చి దానంతటదే మానిపోయిన టీబీది. అడుగున, ఊపిరితిత్తుల కింది గోడ పొడుగునా, రెండు వైపులా, సున్నం గీసినట్టు తెల్లటి గీతలు. మొదటి రోజు నుంచీ ఉన్నాయి. నేను పైన చూసి ఆగిపోయాను. చీఫ్ నా భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడు నువ్వు దీన్ని జన్మలో మర్చిపోవు" అన్నాడు. మరి మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నాకూ కనపడలేదు. ఏదో తేడాగా ఉందనిపించింది, అంతే" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం ఆరోజు మొదలైంది.

తలుపు మీద ఎర్ర కాగితం నా చేత్తోనే పీకేశాను. మాస్క్ లేకుండా మొదటిసారి ఆయన ముందు కూర్చుని, "నాది తప్పు. మిమ్మల్ని అనవసరంగా బంధించాను" అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేదు.

ఆయన కాసేపు నా మొహం చూశాడు. "మీకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా! ఇన్నాళ్ళూ తెలీలేదు" అన్నాడు. తర్వాత, "నేవీలో నాలుగేళ్ళున్నాను, డాక్. ఆఫీసరు ఎవరూ నాకు సారీ చెప్పలేదు. ఏం చేయాలో తెలీడం లేదు. పుడ్డింగ్ ఏదీ?" అన్నాడు.

పుడ్డింగ్ హెడ్ నర్స్ ఫ్రిజ్‌లో దాచింది. శనివారం పొద్దున టాక్సీ పిలిచింది కూడా ఆవిడేనని రిటైరయ్యే రోజున నాకు చెప్పింది. "ఊఁ" అన్నాను.

ఆయన జబ్బుకి మందు లేదు, ఇప్పటికీ లేదు. కానీ అక్కర్లేని మందులు ఆగాయి, ఆక్సిజన్ ఇంటికి వెళ్ళింది, కాగితం మీద జబ్బు పేరు సరిగ్గా పడింది. మిగతా ఆరుగురూ మా దగ్గరికే వచ్చి ఎక్స్‌రేలు తీయించుకున్నారు. ఒకాయనకి అప్పుడే మొదలవుతున్న కాన్సర్ దొరికింది. ఆపరేషన్ అయ్యాక ఐదేళ్ళు బతికి, మనవరాలి పెళ్ళిలో డాన్స్ చేసిన ఫోటో పంపాడు. ఆ ఫోటో ఇంకా నా బల్ల సొరుగులో ఉంది.

ఆ మరుసటి ఆగస్టు నుంచీ ఏటా మాకు పిలుపు వచ్చేది. నేనూ మావారూ వెళ్ళేవాళ్ళం. నేను పులిహోర చేసి తీసుకెళ్తే, బాయిలర్ రూమ్ వాళ్ళు కారం తగిలి దగ్గి, దానికి కూడా నన్నే వైద్యం చేయమనేవాళ్ళు. మా కుర్చీలు ఎక్కడో చివర అతిథుల బల్ల దగ్గర వేసేవారు. ఆయన పేర్లు చదువుతూ, ఆయాసం పెరిగేకొద్దీ పేరుకీ పేరుకీ మధ్య ఎక్కువసేపు ఆగేవాడు. అందరూ ఓపిగ్గా నిలబడేవాళ్ళు.

ఎనభైల చివర్లో ఒక చలికాలం ఆయన పోయాడు. ఇంట్లోనే, నిద్రలో. ఆగస్టులో మళ్ళీ కార్డు వచ్చింది. వెళ్ళేసరికి వంటగది తలుపు పక్క బల్ల ఖాళీగా ఉంది. నలుగురు అప్పటికే లేరు. మిగిలిన ఇద్దరూ ఆక్సిజన్ పెట్టుకుని ఇళ్ళలోనే ఉన్నారు, రాలేకపోయారు. అయినా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఏడు పళ్ళేలూ సర్దారు. ఆయన కూర్చునే చోట ఒక చిన్న అట్టముక్క నిలబెట్టి ఉంది. దాని మీద "డాక్, బాయిలర్ రూమ్" అని రాసి ఉంది.

కాఫీ ఇచ్చిన డెక్ పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని అక్కడ కూర్చోబెట్టాడు. తర్వాత స్టేజీ దగ్గరికి తీసుకెళ్ళి గంట తాడు నా చేతిలో పెట్టాడు. పేర్లు ఆయన చదువుతానన్నాడు. చదివాడు. చివరి పేరు నా రోగిది.

గంట కొట్టి, అలవాటు కొద్దీ వంటగది వైపు చెవి పెట్టాను. ఎవరూ దగ్గలేదు.